బొంగరం చేసిన తప్పు

బావా,

నువ్వూ, నీ గొర్రెలూ, వాటి మధ్య నలిగిపోతున్న మా చెల్లెమ్మా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. ఊళ్ళో కుట్టు మిషన్లు చెడిపోతూనే ఉన్నాయి, నేను బాగుచేస్తూనే ఉన్నాను.

ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. నువ్వు మంద వెంట తిరిగే చోట ఫోను పలకదు. పలికినా, ఇక్కడ నా పక్కన నీ చెల్లెలు ఉంటుంది. అందుకని ఉత్తరం. ఐదో తరగతిలో నీ చూచిరాత పుస్తకం సగం నేనే నింపాను కాబట్టి నా అక్షరాలు నీకు కొత్త కాదు.

సంగతేమిటంటే, నాకొక కుక్క కావాలి. నవ్వు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మూడు వారాల కిందట మా ఇంట్లో దొంగ పడ్డ సంగతి నీ చెల్లెలు చెప్పే ఉంటుంది. వీధిలో ఇప్పటికి నలభైసార్లు చెప్పింది, చెప్పినకొద్దీ మెరుగవుతోంది. మంగళవారం పొద్దున్న పదకొండు గంటలకి నీళ్ళ మీటరు చూడాలని ఒకడొచ్చాడు. ఆవిడ తలుపు తీసింది. వాడు లోపలికొచ్చి తలుపు మూసేశాడు. చేతిలో స్క్రూడ్రైవరు. "అరిచావంటే పొడుస్తా. మెళ్ళోది తియ్" అన్నాడట. ఈవిడ అరవలేదు. కూరలో ఉప్పు చూడమని పిలిచినంత మామూలుగా లోపలి గదుల వైపు తిరిగి, "ఏమండీ! ఆ పెద్ద సుత్తి పట్టుకుని ఒకసారి ఇలా రండి!" అంది. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. "అబ్బ, త్వరగా రండీ, మీకోసం ఎవరో వచ్చారు!" వాడు నడవ వైపు చూశాడు, ఆవిడ మొహం చూశాడు, బల్ల మీదున్న ఫోను లాక్కుని పరారయ్యాడు.

ఇంట్లో ఎవరూ లేరు. మా అమ్మాయి మందుల షాపులో డ్యూటీలో ఉంది, నేను నా షాపులో ఉన్నాను. లేని మొగుణ్ణి పిలిచి దొంగని తరిమిన మనిషని ఆవిడకి పేరొచ్చేసింది. ఎవరొచ్చినా ఆ 'ఏమండీ'ని అచ్చం అలాగే అని చూపిస్తుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ప్రతిసారీ ఈ నాటకం పనిచెయ్యదు నాన్నా. ఇంట్లో కుక్క ఉండాల్సిందే" అంది. ఇంటివాళ్ళని కాచేలా కుక్కలకి శిక్షణ ఇచ్చే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళింది. అందరూ ఆయన్ని కుక్కల మాస్టారు అంటారు. ఇదివరకు ఈత నేర్పేవాడట. మోకాలు పాడయ్యాక కుక్కలకి మారాడు. మనుషులతో కూడా కుక్కలతో మాట్లాడినట్టే రెండు మాటల్లో మాట్లాడతాడు. "కూర్చోండి" అన్నాడు. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చోబోయాను.

ఆయన దగ్గర ఉన్నవన్నీ మంద కాసే జాతులే. మూడు చూపించాడు. మొదటిది బోర్డర్ కోలీ. నలుపూ తెలుపూ, తెలివి ఎక్కువ, చూపుతోనే గొర్రెల్ని నడిపిస్తుందట. కానీ మనిషిని అడ్డుకునే రకం కాదు, దొంగొస్తే తేరిపార చూస్తుంది అంతే అన్నాడు. ఆ పని మా ఎదురింటావిడ ఇప్పటికే చేస్తోంది. రెండోది బెల్జియన్ మాలినోయి. నిప్పురవ్వ. పని చెప్పకపోతే అదే పని కల్పించుకుంటుంది, ఒకాయన ఇంట్లో సోఫాని దూదిదాకా విప్పేసిందట. మూడోది జర్మన్ షెపర్డ్, ఏడాది దాటిన ఆడది. కంచె లేని పొలాల మధ్య మందకి తనే కంచెగా రోజంతా అంచు వెంబడి తిరిగే జాతి అన్నాడు. అది నన్ను చూసి ఆవులించింది.

నీకు కుక్కలతో ముప్ఫై ఏళ్ళ పరిచయం. ఏది తెచ్చుకోమంటావు? నీ చెల్లెలి ప్రాణం సంగతి కాబట్టి జాగ్రత్తగా ఆలోచించి రాయి.

ఇట్లు,
నీ చెల్లెలి భర్త, కుట్టు మిషన్ల మెకానిక్కు

*

బావా,

నీ జవాబు అందింది. "మూడోదాన్నే తెచ్చుకో. మామూలు కాపలా కుక్కకి గుమ్మం మీదే ధ్యాస. మంద కాసేది ముందు మనవాళ్ళు ఎవరెవరు ఎక్కడున్నారో చూసుకుని, ఆ తర్వాతే వచ్చినవాడి సంగతి చూస్తుంది" అని రాశావు. అలాగే తెచ్చాం. రెండు నెలలు మా ఇంట్లో పెట్టుకుని చూడాలి. కుదిరితే మాది. కుదరకపోతే మాస్టారు దాన్ని వెనక్కి తీసుకుని మాలినోయిని ఇస్తాడు.

పేరు బొంగరం. పేరు కోసం మేం ఆలోచించలేదు, అది తిరిగే తిరుగుడు చూసి నీ చెల్లెలి నోట్లోంచి వచ్చేసింది. అమ్మాయి మేడమీద, నీ చెల్లెలు వంటగదిలో, నేను వాకిట్లో ఉంటే దానికి కాలు నిలవదు. ముగ్గురి చుట్టూ తిరిగి తిరిగి, ఒక్కొక్కరినీ మోకాలి దగ్గర ముక్కుతో పొడిచి, హాల్లోకి తోలుతుంది. అందరం ఒకచోట చేరాక గుమ్మానికి అడ్డంగా పడుకుని నిట్టూరుస్తుంది. కరెంటు పోయినప్పుడు తప్ప మేం ముగ్గురం ఒకే గదిలో ఇంతసేపు కూర్చున్నది లేదు. నీ చెల్లెలు దాంతో రోజంతా మాట్లాడుతూనే ఉంది. నాతో ముప్ఫై ఏళ్ళలో మాట్లాడనివి కూడా చెబుతోంది. అది వింటుంది మరి.

అంతా బాగానే ఉంది. మాస్టారి పద్ధతి దగ్గరే వచ్చింది చిక్కు.

అసలు జరిగిందేదో దాన్నే మళ్ళీ మళ్ళీ ఆడించి కుక్కకి నేర్పడం ఆయన పద్ధతి. చేతికి దళసరి స్లీవు తొడుక్కున్న మనిషి దొంగలా వస్తాడు. కుక్క కరవకూడదు. దొంగకీ ఇంటివాళ్ళకీ మధ్య నిలబడి మొరగాలి. అందుకని మాస్టారు మా ఇంటికొచ్చి కాగితం మీద ఇల్లు గీసుకున్నాడు. "ఆ రోజు ఎవరెక్కడ?" అన్నాడు. నీ చెల్లెలు హాల్లో బట్టలు మడతపెడుతున్న చోటు చూపించింది. ఒక చుక్క పెట్టాడు. దొంగ నిలబడ్డ చోటు చూపించింది. ఇంకో చుక్క. నా వైపు తిరిగి, "మీరు?" అన్నాడు.

"షాపులో" అన్నాను.

"ఇల్లు దాటి కదా. చుక్క లేదు" అని కాగితం మడిచేశాడు.

బావా, చుక్క ఉంది. అది నీకొక్కడికే చెబుతున్నాను. నువ్వు ఆవిడ అన్నవి కాబట్టి నీకు చెప్పకూడదు. కానీ నాకు వేరే ఎవరున్నారు?

ఆ మంగళవారం ఒక దర్జీగారి మిషనుకి బాబిన్ కేసు కావాల్సొచ్చింది. దారం కండె కూర్చునే చిన్న ఇనప డిప్ప అది. షాపులో లేదు. ఇంట్లో సామాన్ల గదిలో పాత మిషన్ల గుట్ట ఉంది కదా, అందులో వెతుకుదామని వెనక తలుపులోంచి వచ్చాను. నీ చెల్లెలు రేడియో వింటోంది, పలకరించలేదు. డిప్ప దొరికింది. సరిగ్గా అప్పుడే వాడొచ్చాడు. తలుపు మూసిన చప్పుడు విన్నాను. "పొడుస్తా" అన్నది విన్నాను. సామాన్ల గదికీ హాలుకీ మధ్య నాలుగు అడుగులు. తలుపు ఓరగా వేసి ఉంది.

తర్వాత ఆవిడ పిలిచింది. నేనున్నానని ఆవిడకి తెలియదు. సుత్తి పట్టుకుని రమ్మంది. సుత్తి నిజంగానే నా మోచేతి పక్కన బల్లమీద ఉంది. నేను వెళ్ళలేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడూ వెళ్ళలేదు. భయపడ్డాననుకో. కానీ భయం అని తెలిసేంత స్పృహ కూడా లేదు. చేతిలో డిప్పని చూస్తూ నిలబడ్డాను. దాని మీద చెక్కిన నంబరు ఇప్పుడడిగినా చెప్పగలను.

వాడు పారిపోయాక చేసింది అంతకంటే చక్కగా ఉంది. వెనక తలుపులోంచే బయటపడి సందులమ్మట షాపుకి పరుగెత్తాను. ఎదురింటావిడ ఫోను చేసింది. మళ్ళీ ఇంటికి పరుగెత్తాను. రొప్పుతున్న నన్ను చూసి, "పాపం ఎంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడో" అన్నారు. ఆవిడే నాకు మంచినీళ్ళిచ్చింది.

ఇదీ సంగతి. నేను చెయ్యని పని కుక్క చేస్తుందని తెచ్చుకున్నాను. ఆవిడతో అనకు.

ఇట్లు,
నువ్వు ఏమని తిట్టుకుంటున్నావో అదే నేను

*

బావా,

తిడతావనుకున్నాను. నువ్వు తిట్టలేదు. "చెప్పకు. కుక్కని పెంచుకో. నేనూ చెప్పను" అని మూడు ముక్కలు రాసి ఊరుకున్నావు. నీ మాట తప్పాను. ఎలా తప్పానో వరసగా రాస్తాను.

మొదటి ఆదివారం దొంగాట మొదలైంది. నీ చెల్లెలు హాల్లో బట్టలు మడతపెడుతూ కూర్చుంది. అమ్మాయి మేడ మెట్ల మీద. "మీరు షాపులో ఉన్నారు. పొండి" అన్నాడు మాస్టారు నాతో. వీధి చివరికి పోవాల్సింది. కానీ చూడాలనిపించింది. వెనకనుంచి తిరిగొచ్చి సామాన్ల గదిలో దూరి తలుపు ఓరగా వేసుకున్నాను. అదే చోటు. కావాలని కాదు బావా, కాళ్ళు వాటంతట అవే అక్కడికి పోయాయి.

దొంగ వచ్చాడు. నీ చెల్లెలు హుషారుగా "ఏమండీ! ఆ పెద్ద సుత్తి..." అని మొదలుపెట్టింది. బొంగరం లేచింది. ఒక్కసారి మొరిగింది. తర్వాత దొంగని అక్కడే వదిలేసి, నడవలోకి వచ్చి, తలుపు ముక్కుతో తోసి, నా ప్యాంటు అంచు పళ్ళతో పట్టుకుంది. గట్టిగా పట్టుకోలేదు. కానీ వదల్లేదు. వెనక్కి నడుస్తూ నన్ను హాల్లోకి లాక్కొచ్చి నీ చెల్లెలి పక్కన నిలబెట్టి, అప్పుడు దొంగ వైపు తిరిగి చెవులు దద్దరిల్లేలా మొరిగింది.

నీ చెల్లెలు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "షాపు ఇక్కడికి మార్చారా?" అంది. అమ్మాయి నవ్వింది. దొంగ కూడా నవ్వాడు. మాస్టారొక్కడే నవ్వలేదు. "బయటికి పొమ్మంటే ఇక్కడెందుకున్నారు? కుక్కకి తప్పు నేర్పారు" అన్నాడు.

రెండో ఆదివారం నేను నిజంగానే వీధి చివర నిలబడ్డాను. అయినా బొంగరం దొంగని వదిలి సామాన్ల గదికే వెళ్ళిందట. ఖాళీ గదిలో మిషన్ల వెనకంతా వాసన చూసి తిరిగొచ్చేసరికి అరనిమిషం పట్టింది. ఆ అరనిమిషం నీ చెల్లెలు దొంగతో ఒక్కతే ఉంది. మూడో ఆదివారమూ అంతే.

మాస్టారు గొలుసు తీశాడు. "దీన్ని తీసుకుపోతాను. మాలినోయిని ఇస్తాను" అన్నాడు.

"అయ్యో, అదేం చేసిందండీ?" అంది నీ చెల్లెలు. బొంగరం మెడ చుట్టూ చెయ్యి వేసి కింద కూర్చుండిపోయింది.

"ఎవరూ లేని గదిలో మనిషిని వెతుకుతోంది. ఈలోగా మీకేమైనా అయితే? అది పోదు. అలవాటు పడింది."

"నాన్నే చెడగొట్టాడు" అంది అమ్మాయి. "ఆ మొదటి ఆదివారం తిన్నగా వీధిలోకి పోతే అయిపోయేది కదా నాన్నా!"

అందరూ నా వైపు చూశారు. నా మీద పడ్డ నేరం చాలా చిన్నది బావా, హాయిగా ఒప్పుకునేంత చిన్నది. అవును, నాదే తప్పు, కుతూహలం ఆపుకోలేకపోయానని తల గోక్కుంటే సరిపోయేది. బొంగరం వ్యానెక్కి పోయేది. నీ చెల్లెలు పదిరోజులు బెంగపెట్టుకుని, తర్వాత మాలినోయికి సోఫా అప్పగించేది. నాకు నోట్లో మాట తయారుగా కూడా ఉంది. బొంగరం మాత్రం ఆ గొడవ పట్టనట్టు ముగ్గురం ఉన్నామా లేదా అని ఒకరి తర్వాత ఒకరిని చూసుకుంటోంది.

"ఆ గదిలో మనిషి ఉంటాడు" అన్నాను.

"ఎవరు?" అన్నాడు మాస్టారు.

"నేను. ఆ మంగళవారం కూడా అక్కడే ఉన్నాను. మీ కాగితం మీద చుక్క పెట్టాల్సింది. నేనే చెప్పలేదు."

అమ్మాయికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. నీ చెల్లెలికి పట్టలేదు. కుక్క మెడ మీద చెయ్యి అలాగే ఉంది.

"నేను పిలిచింది వినపడిందా?" అంది.

"వినపడింది."

"రెండుసార్లు పిలిచాను."

"రెండుసార్లూ వినపడింది."

"మరి మంచినీళ్ళిచ్చాను కదా మీకు" అంది. లేచి వంటగదిలోకి వెళ్ళింది. బొంగరం ఆవిడ వెంట వెళ్ళింది, మళ్ళీ నా దగ్గరికొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చాలాసేపు అలా తిరుగుతూనే ఉంది.

మాస్టారు గొలుసు జేబులో పెట్టుకున్నాడు. కాగితం విప్పి సామాన్ల గదిలో ఒక చుక్క పెట్టాడు. "అయితే కుక్క తప్పు లేదు" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఇట్లు,
నీ మాట విననివాడు

*

బావా,

ఆ మాట చెప్పి నిన్నటికి ఇరవై ఒక్క రోజులు. అన్ని రోజులూ నీ చెల్లెలు నాతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది. "మీ నాన్నకి పెరుగు కావాలేమో అడుగు" అంటుంది అమ్మాయితో. నేను ఎదురుగానే ఉంటాను. అమ్మాయి డ్యూటీకి పోతే బొంగరంతో అంటుంది. అది నా వైపు చూస్తుంది. నేను కావాలంటే కావాలనీ వద్దంటే వద్దనీ దానికే చెబుతాను.

దొంగ కథ చెప్పడం మానేసింది. ఎదురింటావిడ ఎవరో చుట్టాల్ని వెంటబెట్టుకొచ్చి, "ఒక్కసారి ఆ 'ఏమండీ' అని చూపించండి వదినా" అని బతిమాలింది. "మర్చిపోయానమ్మా" అంది. నా మీద ఒక్క మాట కూడా చెప్పలేదు వాళ్ళకి. చెప్పి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. అది ఆవిడకీ తెలుసు.

ఏడో రోజున వడ్రంగిని పిలిపించింది. నేను షాపునుంచి వచ్చేసరికి సామాన్ల గదికి తలుపు లేదు. పాత మిషన్లన్నీ గోడకి చేర్చి వరసగా పెట్టించింది. హాల్లో ఆవిడ కూర్చునే చోటినుంచి చూస్తే గది ఆ చివరిదాకా కనపడుతుంది. దేన్నీ పారెయ్యలేదు. నా సామాను నాకు పనికొస్తుందని తెలుసు.

తలుపు చెక్క ఏం చేశారని అడగాలనిపించింది. బొంగరాన్ని పెట్టి అడిగించడం కుదరక ఊరుకున్నాను.

నిన్న ఆదివారం మాస్టారు వచ్చాడు. కొత్త కాగితం, కొత్త చుక్కలు. ఈసారి నేను సామాన్ల గదిలో ఉండాలి. ఆవిడ పిలిస్తే రావాలి. కుక్క ఒకపక్క, నేనొకపక్క. "కుక్కకి వచ్చేసింది. ఇక మీకు నేర్పాలి" అన్నాడు. ఆయనకి అది వెటకారం కాదు బావా. ఈత నేర్పేటప్పుడు కూడా అలాగే చెప్పి ఉంటాడు.

దొంగ వచ్చాడు. వీడు మాస్టారి మనిషి, చేతికి స్లీవు ఉంది, ఇంటికొచ్చి టీ తాగిపోయేవాడే. అయినా భయమేసి గుమ్మం చట్రం పట్టుకున్నాను. అది కూడా రాస్తున్నాను. ఆవిడ పిలిచింది. ఏమని పిలిచిందో నేను రాయను. నాలుగు అడుగులు వేశాను. సుత్తి మర్చిపోయాను. బొంగరం నాకంటే ముందే అక్కడుంది. నేను దాని పక్కన నిలబడి ఏం చెయ్యాలో తోచక, "ఏం కావాలండీ?" అన్నాను దొంగని. అమ్మాయి పడీ పడీ నవ్వింది.

నీ చెల్లెలు నవ్వలేదు. మాస్టారితో, "ఆలస్యంగా వచ్చారు. మళ్ళీ చేద్దాం" అంది.

ఆరుసార్లు చేశాం. ఐదోసారికి అండీ లేకుండా అడగగలిగాను. ఆరోసారి అయ్యాక తిన్నగా నా మొహంలోకి చూసి, "చెమటలు పట్టాయి, తుడుచుకోండి" అంది. తువ్వాలు ఇవ్వలేదు. ఎక్కడుందో చూపించింది.

రెండు నెలల గడువు అయిపోయింది. బొంగరం మాదే. నా సంగతి ఇంకా తేలలేదు.

కింద కాస్త చోటు వదలమంది. తనూ నీకు రాస్తుందట. ఏం రాస్తుందో నాకు చూపించనంది.

ఇట్లు,
ఇంకా గడువులోనే ఉన్న మీ ఇంటి అల్లుడు

అన్నయ్యా,

నువ్వు రాసిన "చెప్పకు, నేనూ చెప్పను" చదివాను. ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది. ఆయన నాలుగు అడుగుల దూరంలో ఉండి పలకలేదు. నువ్వు అంతా తెలిసి, ఉత్తరం మీద ఉత్తరం రాస్తూ, నాకు పలకలేదు. ఆయనతో ఇరవై ఒక్క రోజులు మాట్లాడలేదు. నీకెన్ని రోజులో ఇంకా అనుకోలేదు.

మాస్టారి మనిషికి నడుం పట్టేసింది. వచ్చే ఆదివారం దొంగవి నువ్వే. పదకొండింటికి రా. స్లీవు ఎడమచేతికి ఒక్కటే ఉంది, ముందే చెబుతున్నా.

ఆయన రాయనన్నది నేను రాస్తాను. 'ఏమండీ' అని పిలవడం మానేశాను. ఆ మాటతో ఎవరూ లేనప్పుడు కూడా పిలవొచ్చు, నేను పిలిచి చూశాను కదా. నిన్న పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. మొదటిసారి పిలిచినప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన ఎంత తెల్లబోయారంటే సుత్తి కూడా మర్చిపోయారు.

కానీ వచ్చారు.

నీ చెల్లెలు